అరకులోయలో నొక జీపుచక్రము

విశాఖపట్టణమునుండి యరకులోయకు సుమారు 115 కిలోమీటర్ల దూరము కలదు. శృంగవరపుకోట వఱకు దారి పల్లపు పొలముల నడుమ సాగును. కోట దాటి కొంత దూర మేగిన పిదప కొండలు దగ్గఱకు వచ్చి దారిని తమ యొడిలోనికి దీసికొనును. అచ్చటినుండి తైడ, అనంతగిరి, సుంకరిమెట్టల మీదుగా మలుపువెంట మలుపు తిరుగుచు బండి యెక్కవలయును. ఒక ప్రక్క కొండగోడ; మఱియొక ప్రక్క లోయ. సిల్వరు ఓకు చెట్ల బోదెలను మిరియపుతీగ లల్లుకొని యుండును. వాని నీడలో కాఫీమొక్కలు పెరుగును. గాలికొండకడ బండి నాపి చూచినచో మబ్బులు మన కాళ్లక్రిందుగా బోవుచున్నట్లు తోచును. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తుననున్న లోయను జేరునప్పటికి గాలి చల్లబడి, భుజములమీద చెంగు కప్పుకొనవలసివచ్చును.

ఈ దారిని బోవువారు కొండలను జూతురు, బొఱ్ఱాగుహలను జూతురు, కార్తికమాసమైనచో కొండచఱియలపై బంగారు దుప్పటి పఱచినట్లు పూచిన వలిసెచేలను జూతురు. తమ్ము మోసికొనిపోవుచున్న చక్రమును మాత్ర మెవ్వరును జూడరు. ఆ చక్రము తిరుగుటకు దాని నడుమ నేమి యున్నదో, యది చెడినప్పు డెట్లు తెలిసికొనవలయునో, యింటిముంగిట దానిని సరిచేసికొను విధ మెట్టిదో యీసారి యరకుప్రయాణములో నేను దగ్గఱనుండి చూచితిని. ఆ ముచ్చటనే మన సోదరీమణులకు చెప్పదలచితిని.

అరకు ప్రాంతము పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4వ తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా యేర్పడినప్పటినుండి యా జిల్లాలో జేరినది. పాడేరు దానికి ముఖ్యపట్టణము. బగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోటియాలు మున్నగు గిరిజనులు తరతరములుగా నిచ్చట నివసించుచున్నారు. బైలదిల్లా గనుల యినుపరాతిని సముద్రతీరమునకు దెచ్చుటకై 1960వ దశకములో వేసిన రైలుమార్గము గూడ నీ కొండలను దొలుచుకొనియే పోవును. ఆ మార్గమునందలి శిమిలిగుడ స్టేషను సుమారు 996 మీటర్ల యెత్తున నున్నది. అయినను రైలు గూడెముల ముంగిళ్లకు రాదు గదా! సంతకు బసుపు, అల్లము, రాజ్‌మాగింజలు, కొండచీపుళ్లు మోసికొనివచ్చు స్త్రీలకు జీపులును ఆటోలునే యాధారము. దారిలేని గూడెములనుండి గర్భవతులను నేటికిని డోలీలలో మోసికొనివచ్చుట యీ ప్రాంతమున జరుగుచునే యున్నది. దారి యున్న యూళ్లలోనైనను అర్ధరాత్రమున నొప్పులు వచ్చినచో ముందుగా దలుపు తట్టునది జీపుగల యింటినే. కావున నిచ్చట జీపు చెడుట యనగా నొక బండి చెడుట మాత్రమే కాదు.

నా చిన్ననాటి స్నేహితురా లొకతె లోయయందలి యొక గ్రామమున నుపాధ్యాయిని. ఆమె భర్త కాఫీతోటను జూచుకొనుచు, సంతరోజులలో పాతజీపు నడపును. వారి కుమార్తె తొలిచూలు గర్భవతి, ఎనిమిదవ నెల. రక్తపుపోటు హెచ్చుగా నున్నది గనుక విశాఖపట్టణమున పెద్దాసుపత్రికి దగ్గఱగా నుండి యచ్చటనే ప్రసవింపవలయునని వైద్యురాలు నిర్ణయించెను. ఘాటుదారిలో దిగునప్పు డమ్మాయికి తోడుగా నుండుమని నా స్నేహితురాలు కబు రంపెను. నేను వెళ్లితిని.

వెళ్లిన మఱునాడు సంతనుండి తిరిగి వచ్చుచుండగా జీపు ముందుభాగమునుండి తుమ్మెద మ్రోతవంటి ధ్వని వినవచ్చెను. వేగము హెచ్చినకొలది యది హెచ్చుచు, తగ్గినకొలది తగ్గుచుండెను. కుడివైపునకు మలుపు తిరిగినప్పుడు మిక్కిలి స్ఫుటమగుచు, ఎడమవైపునకు దిరిగినప్పు డించుక యణగుచుండెను. నా స్నేహితురాలు చెవియొగ్గి విని, "ఎడమచక్రపు బేరింగండీ" యని భర్తతో ననెను. ఆయన తల యూచెను. నా కాశ్చర్యమయ్యెను. అందలి సూక్ష్మము తరువాత దెలిసినది. బండి కుడివైపునకు దిరిగినప్పుడు బరువంతయు నెడమచక్రముమీదికి వ్రాలును. చెడిన బేరింగు బరువు పడినప్పుడే యెక్కువగా మూల్గును.

బేరింగన నేమో ముందుగా జెప్పుట మంచిది. మన యెడ్లబండిలో నిరుసుకొన చక్రపు కుండలోనుండి వెలికివచ్చును. కుండ యిరుసుమీద రాచుకొనుచు దిరుగును. రాపిడి తగ్గుటకు కందెన పూయుదురు. చక్ర మూడి రాకుండ నిరుసుకొనకు కడచీల దిగవేయుదురు. మోటారుబండిలోను ఏర్పాటిదియే. అయితే యిరుసునకును కుండకును నడుమ నున్నని యుక్కుకడ్డీల వరుస యొకటి చేర్చిరి. వానిని రోలర్లందురు. అవి దొర్లుటచేత లోహము లోహముతో రాచుకొనదు. ఈ రోలర్లు ఒకకొన లావుగను, ఒకకొన సన్నగను నుండును. అందుచేత పైనుండి పడు బరువునేకాక, మలుపులలో ప్రక్కనుండి వచ్చు త్రోపును గూడ భరించును. గుఱ్ఱపుబండ్లు చేయు హెన్రీ టిమ్కెన్ అను నమెరికా దేశస్థు డిట్టి కోసుగానుండు రోలర్ల బేరింగునకు 1898లో పేటెంటు పొందెను. రోలర్లు చుట్టుకొనియుండు లోపలి వలయమును కోననియు, అవి దొర్లు వెలుపలి వలయమును కప్పనియు మనదేశపు మెకానిక్కులు పిలుతురు. చక్రమొకటికి లోపల నొకటి, వెలుపల నొకటి చొప్పున రెండు బేరింగు లుండును. గ్రీజే వానికి కందెన.

మఱునాటి యుదయమున పని మొదలయ్యెను. ఇంటి ముంగిట చదునుగానున్న చోట జీపును నిలిపి, వెనుకచక్రములకు ముందువెనుకల కొయ్యముక్క లడ్డుపెట్టిరి. చక్రపు నట్లను బండి నేలమీద నుండగనే కొంచెము వదులుచేసి, పిమ్మట జాకీతో నెడమప్రక్క నెత్తిరి. ఎత్తినతోడనే యిరుసుక్రింద బలమైన మ్రాను మొద్దు నొకదానిని జేర్చిరి. "జాకీ యెత్తుటకేగాని మోయుటకు గాదు, వదినగారూ" యని యాయన నాతో జెప్పెను. జాకీ జాఱి బండి మీదబడిన సంగతులు పెక్కులు. ఇంటిలో నీ పని చేయువారు మఱువరాని మొదటిమాట యిది.

తరువాత నాయన చక్రముమీద నొకచేయియు, క్రింద నొకచేయియు నుంచి ముందువెనుకల కూపెను. చక్ర మించుక లటలట లాడెను. అప్పుడు నా స్నేహితురాలు బండి నెక్కి బ్రేకు నదిమెను. ఊగు నిలిచిపోయెను. బ్రేకు త్రొక్కినప్పు డూగు మాసినచో లోపము బేరింగులో నున్నట్లు. మాయనిచో చక్రమును ద్రిప్పు కీలులో నున్నట్లు. ఇంతటి సులువైన పరీక్షకు పనిముట్లేవియు నక్కఱలేదు. ఇద్దఱు మనుష్యులు చాలును.

చక్రము నూడదీసినపిదప కుండ బయలుపడెను. ఈ జీపు ముందుచక్రములకు గూడ యంత్రబలము నందించు పాతరకముది. దాని కుండపై నాఱు బోల్టులతో బిగించిన మూత యుండును. మూతయు, దానిని బట్టియుంచు నుక్కుచుట్టును దీయగా రెండు పెద్దనట్లు కనబడెను. వాని నడుమ నాలుకవంటి మొనగల యొక పలుచని రేకు. ఆ నాలుక యిరుసునందలి గాడిలో గూర్చుండును. రేకు అంచు నట్టుమీదికి మడువబడి యుండును. నట్టు తనంత దా తిరిగిపోకుండుటకే యీ కట్టుబాటు. మఱికొన్ని కార్లలో దీనికి మాఱుగా గాడులుగల నట్టును, దానిలోనుండి దూర్చి కొనలు విఱిచిన పిన్నును నుండును. ఏదైనను మన యెడ్లబండి కడచీల చేయు పనియే.

ఆ రేకును జూచినప్పుడు నాకు కైకేయి తలపునకు వచ్చెను. యుద్ధమున దశరథుని రథచక్రపు చీల యూడిపోగా నామె తన వ్రేలినే చీలగా నుంచి మగని గాచినదని మన యిండ్లలో పెద్దలు చెప్పుకొను కథ యొకటి కలదు. వాల్మీకి రామాయణమున వ్రేలిముచ్చట లేదు. గాయపడి స్మృతిదప్పిన రాజును రణరంగమునుండి దప్పించి కాపాడినదని మాత్ర మున్నది. అయినను బాణములు వేయువాడు శత్రువును జూచుచుండగా ప్రక్కనున్న స్త్రీ చక్రమును గనిపెట్టి యుండెనని కథ చెప్పిన వారు భావించిరి గదా! ఆ భావన నాకు మిక్కిలి నచ్చినది.

రేకంచు నిటు మరల్చి, నట్లు విప్పి, కుండను బ్రేకుడ్రమ్ముతో గూడ మెల్లగా వెలికి లాగిరి. పాతబండ్ల బ్రేకుపట్టీలలో ఆస్బెస్టాసు అను రాతినార యుండుట కలదు. దాని ధూళి యూపిరితిత్తులకు మిక్కిలి కీడు. కావున వారు ధూళి నూదలేదు, దులుపలేదు. తడిగుడ్డతో దుడిచి యాగుడ్డను సంచిలోగట్టి పాఱవైచిరి. గర్భవతియగు కుమార్తెను ముంగిటికి రానీయలేదు.

బేరింగులను కిరసనాయిలులో గడిగి, ముతకపోగులు రాలని గుడ్డతో నద్ది యాఱబెట్టిరి. ఆ తరువాత వెలుతురున పరీక్షించిరి. వెలుపలి బేరింగు అద్దమువలె నున్నది. లోపలిదాని కప్పులో మాత్రము స్ఫోటకపు మచ్చలవంటి గుంటలు పడియుండెను. కోనుమీద కొంత భాగము వేడికి గమిలి నీలివన్నె తిరిగెను. రాత్రి విన్న తుమ్మెదమ్రోత కా గుంటలే కారణము. కప్పును కోనును జతగా మార్చవలసినదే; ఒకటి పాతది, ఒకటి క్రొత్తది కూర్చినచో క్రొత్తదియు శీఘ్రముగా జెడును. ఆయన విశాఖపట్టణమునుండి ముందే తెచ్చి నూనెకాగితములో భద్రపఱచిన జత యొకటి యుండెను. సంఖ్య సరిచూచుకొని దానిని విప్పెను.

పాతకప్పు కుండలో బిగిసియుండును. దానిని వెనుకప్రక్కనుండి యినుపకడ్డీతో, ఒకమా ఱొకచోట, మఱొకమాఱు దాని కెదురుగా, మార్చి మార్చి తట్టి వెలికి దీసిరి. ఒకేచోట గొట్టినచో వంకరగా బిగిసికొని కుండను జీఱును. క్రొత్తకప్పును నిలుకడగా నుంచి, దానిపై పాతకప్పునే బోర్లించి, దానిమీద సుత్తితో దట్టిరి. అడుగంటు వఱకు ధ్వని బోలుగా నుండెను. అడుగంటినతోడనే కంచువంటి గట్టిధ్వని వచ్చెను. "కూర్చున్నది" యని యిరువురు నొకేమా ఱనిరి.

గ్రీజు పట్టించుట నా స్నేహితురాలి పని. ఆమె చేతులు సబ్బుతో గడిగి తుడిచికొని, నిమ్మకాయంత గ్రీజును ఎడమ యఱచేత నుంచుకొనెను. కోనును కుడిచేత బట్టి, దాని లావుకొనను గ్రీజుముద్దలో నొత్తుచు దనవైపునకు లాగెను. ఇట్లు పలుమాఱు లొత్తగా గ్రీజు రోలర్ల సందులలో జొచ్చి రెండవకొనను మురుకులవలె బైటికి వచ్చెను. చుట్టును తిప్పుచు బేరింగంతయు నట్లే నింపెను. పైపైన బూసినచో జాలదు. లోపల బొడిగా నున్న రోలరు మొదటి ఘాటులోనే కాలును. కుండలోపల గూడ గొంత గ్రీజు పట్టించి, బ్రేకుడ్రమ్మున కంటకుండ జాగ్రత్తపడిరి. గ్రీజు వెలికి గాఱకుండ నాపు సీలును క్రొత్తది వేసిరి. ఈ పనియంతటిలో నొక యిసుకరేణువైనను లోపల బడరాదు. అందుచేత నే వస్తువును నేలమీద నుంచక, శుభ్రమైన పళ్లెములో నుంచిరి. వంటయింటి శుచి తెలిసిన చేతుల కీపని క్రొత్తగాదని నాకు దోచెను.

ఇక మిగిలినది బిగువు సరిచూచుట. సామెతగా జెప్పినచో బేరింగు ప్రాణమిందులోనే యున్నది. కుండను యథాస్థానమున గూర్చి, లోపలినట్టును పానాతో బిగించుచు, మఱియొకచేత కుండను ద్రిప్పుచుండవలయును. త్రిప్పనిచో రోలర్లు తమతమ తావులలో గూర్చుండవు. ఉన్న వదులు దాగియుండి, బండి నడచిన పిదప బయలుపడును. కుండ బరువుగా దిరుగునంతవఱకు బిగించిరి. అటుపిమ్మట నట్టును వెనుకకు ద్రిప్పిరి. ఎంత? నట్టుకు ముఖము లాఱు. ఒక ముఖము మేర, అనగా చుట్టులో నాఱవవంతు. అంతటితో కుండ తేలికగా దిరిగెను. ఊపిచూడగా చేతికి వదులును దెలియలేదు. అవసరమైనచో మఱికొంచెము సడలింతురు.

ఇంత సడలింపేల యని నే నడిగితిని. నా స్నేహితురా లింటి వసారాలోని తిరుగలిని జూపెను. ఆమె యత్తగా రప్పుడు దానిలో చోళ్లు విసరుచుండిరి. "నడిమి కొయ్య వదులైనచో పైరా యూగులాడును, బిగిసినచో చేయి తెగిపోవును. ఇదియు నంతే" యనెను. బండి నడచునప్పుడు కుండ వేడెక్కును, ఉక్కు వ్యాకోచించును. ముందే బిగిసియున్న బేరింగునకు వ్యాకోచించుటకు దావు లేక రోలర్లు కమిలి, గ్రీజు కరగి, తుదకు చక్రము పట్టుకొనిపోవును. వదులుగా నున్నచో ప్రతి గతుకుకు రోలర్లు కప్పును సుత్తివలె మోదును. చక్రము వణకును, సీలు చిరుగును, బ్రేకు సరిగా బట్టదు. రెండింటిలో నెక్కువ శీఘ్రముగా నాశమును దెచ్చునది మితిమీఱిన బిగువే.

నాలుకరేకును గాడిలో నిలిపి, పైనట్టు బిగించి, కుండను మరల ద్రిప్పి, మరల నూపి చూచిరి. పైనట్టు బిగింపుతో లోపలిబిగువు కొంచెము మాఱుట కలదు గనుక నీ రెండవ పరీక్ష తప్పదు. సరియైనదని తేలినతరువాతనే రేకంచును నట్టుమీదికి మడచిరి. మూతబోల్టులు, చక్రము, చక్రపునట్లు వరుసగా బిగించిరి. బండి నేలకు దిగినపిదప చక్రపునట్లను మఱొకమాఱు బిగించి చూచిరి. సూర్యుడు నడినెత్తికి వచ్చెను.

ఇది చదివి, సోదరీమణులారా, ఇంటనున్న ప్రతికారుకు నిట్లే చేయవచ్చునని తలపరాదు. నేటి క్రొత్తకార్లలో బెక్కింటికి బేరింగు కుండతో గలిసి యొకే పెట్టెవలె మూయబడి వచ్చును. దానికి గ్రీజు పట్టించుట గాని, బిగువు సరిచేయుట గాని లేదు. చెడినచో మొత్తము మార్పవలసినదే. దాని నట్టును, తయారించిన వారు నిర్ణయించిన బలముతో, కొలతగల పానాతోనే బిగింపవలయును. కొన్నింటి కుండలలో చక్రపువేగమును బ్రేకులకు దెలుపు సున్నితమైన పరికర మమరియుండును. వానిపై సుత్తి పడరాదు. కాబట్టి మన బండి యేరకమైనదో ముందు తెలిసికొని, చేతగాని పనిని నేర్పరికి విడుచుట వివేకము. అయినను వినుట యందఱ పని. వేగముతో హెచ్చు మ్రోత, ఒకవైపు మలుపులో బలపడు మ్రోత, ప్రయాణానంతరము తక్కిన చక్రములకంటె నొక చక్రపు నడిమిభాగము మిక్కిలి వేడిగా నుండుట, యీ మూడింటిని గుర్తించుటకు వెనుక గూర్చున్న వారికిని చాలినంత శక్తి కలదు. బండి నడపువాడు దారి మీద దృష్టి నిలిపియుండును. వెనుకనున్న మన చెవులు తీరికగనే యుండును గదా!

మూడవనాటి తెల్లవాఱుజామున బయలుదేఱితిమి. అమ్మాయిని నడుమ గూర్చుండబెట్టుకొని, నడుముక్రింద దిండు పెట్టితిమి. అత్తగారు చక్రముకడ కొబ్బరికాయ కొట్టి, మనుమరాలి నొసట కుంకుమ పెట్టిరి. అనంతగిరి దాటువఱకు మంచు. మలుపుమలుపునకు మువ్వురము మాటలు మాని చక్రముకొఱకే చెవియొగ్గితిమి. ఇంజనుధ్వని తప్ప మఱేదియు లేదు. తైడకడ జీపు నిలిపి యాయన దిగి, రెండు ముందుచక్రముల నడిమిభాగములను అఱచేతితో దాకి చూచెను. "రండి, మీరును జూడుడు" అని నన్ను బిలిచెను. ఘాటుదిగునప్పుడు బ్రేకులచేత గూడ గొంత వేడి పుట్టును; అందుచే నొకచక్రమును మఱియొకదానితో బోల్చి చూడవలెనట. రెండును సమముగా, అప్పుడే పొయ్యిమీదినుండి దింపి చల్లార్చిన పాలచెంబువలె గోరువెచ్చగా నుండెను. అమ్మాయి లోపలినుండి "ఏమైంది నాన్నా?" యని యడిగెను. "ఏమియు గాలేదు, తల్లీ" యని యాయన మరల నెక్కెను. పొద్దెక్కకముందే పట్టణమును జేరితిమి.

మూడువారములకు నా స్నేహితురాలి యుత్తరము వచ్చెను. ఆడపిల్ల పుట్టినదనియు, తల్లియు బిడ్డయు గుశలమనియు మొదట వ్రాసెను. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన పిదప క్రొత్తబేరింగు బిగువును మరల విప్పి చూచితిమనియు, రవంత వదులు కనబడగా సరిచేసితిమనియు దరువాతి పంక్తి. పాతకప్పు సంగతి చివర వ్రాసెను. దానిని పాఱవేయనీయక యత్తగారు కడిగి తెచ్చుకొని, దీపపునూనె చెంబు దొర్లకుండ దానిక్రింద కుదురుగా నమర్చుకొన్నారట.